ఇంటికో మనిషి, మనిషికో తట్ట

గుడివాడలో సత్యవతి సంతాప సభకు వెళ్ళి సగంలో లేచి వచ్చేశాను. మాట్లాడిన ప్రతివాళ్ళూ ఆమెను సేవామూర్తి అన్నారు, త్యాగశీలి అన్నారు. ఒకాయన కొవ్వొత్తితో పోల్చాడు. ఆమె బతికుండగా ఎదుట నిలబడి ఆ మాట అని ఉంటే, "నేను కరిగితే వెలుతురు మీకు, నాకేమిటండీ?" అని మొహం మీదే అడిగేది. త్యాగం అన్న మాట వింటే సత్యవతికి ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆమె లేదు కాబట్టి ఆ మంట నాకు పట్టుకుంది.

ఆమెను పెదపారుపూడి పక్కకు ఎందుకు బదిలీ చేశారో, అక్కడ కాస్త సర్దుకున్నాక పమిడిముక్కల పక్కకు ఎందుకు తోశారో ఆ సభలో ఒక్కరూ చెప్పలేదు. చెప్పాలంటే దివిసీమలో జరిగింది చెప్పాలి. అది చెబితే సభ చెడుతుంది. అందుకే నేను రాస్తున్నాను. కోపం చల్లారకముందే రాయాలి. చల్లారితే నేనూ సేవామూర్తి అనే రాస్తానేమో.

నా పేరు హైమవతి. మాది బందరు, మా నాన్న కోర్టులో గుమాస్తా. అరవైల్లో నేను దివిసీమలో ఒక హైస్కూలుకు తెలుగు టీచరుగా వెళ్ళేసరికి సత్యవతి అక్కడ సైన్సు టీచరు. ఆ ఊరి పేరు రాయను. భయపడి కాదు, చుట్టుపక్కల ఏ ఊరి పేరు రాసినా సరిపోతుంది కనక. ఆ ఊరికీ కృష్ణకూ మధ్య కరకట్ట ఉండేది. కట్టకు లోపల ఊరు, ఊరి పొలాలు. కట్టకు అవతల, ఏటికి దిగువన, ఎవరికీ అక్కర్లేని నేల మీద పాలెం. పాలెం చుట్టూ వాళ్ళు వేసుకున్న చిన్నకట్ట ఒకటి ఉండేది. దాన్ని కట్ట అనడం ఎందుకు, మేక దూకిపోయేది. ఏరు పొంగిన ప్రతి ఏడూ పాలెం మునిగేది, పిల్లల్నీ కోళ్ళనీ పట్టుకుని జనం కరకట్ట ఎక్కేవాళ్ళు. నీళ్ళు తీశాక దిగి, కరిగిపోయిన గోడలు మళ్ళీ పెట్టుకునేవాళ్ళు. ఊళ్ళో దీన్ని వర్షాకాలం అన్నంత మామూలుగా చెప్పుకునేవారు.

సత్యవతి ఆ పాలెంలో పుట్టింది. తండ్రి సామ్యేలు చిన్నప్పుడే పోతే, తల్లి దేవమ్మ నాట్లు వేసి, కోతలు కోసి కూతుర్ని బందరు మిషను బోర్డింగులో చదివించింది. కూతురు జంతుశాస్త్రంలో బియ్యస్సీ చేసింది. బందరులోనే ఉద్యోగం వచ్చేది, కానీ తల్లి పాలెం వదిలి రానంది. "ఆవిడ రాదు, నేనే వచ్చాను. ఎవరో ఒకరు మొండితనం మానాలిగా" అని సత్యవతి నాతో అనేది, తనేదో మానినట్టు. అన్న దైవాధీనం జగన్మోహనరావు గారి దగ్గర పాలేరు. జగన్మోహనరావు గారు ఆ ఊరికి పెద్ద కామందు, పంచాయతీ ప్రెసిడెంటు, మా స్కూలు కమిటీకి కూడా పెద్ద. ఆయన ఏది కాదో చెప్పడం తేలిక.

శనివారం మధ్యాహ్నం బస్సెక్కి బందరు వెళ్ళి, తనకు చదువు చెప్పిన లెక్చరరు దగ్గర ఇంగ్లీషు సైన్సు పత్రికలు చదివి వచ్చేది సత్యవతి. వస్తూ వస్తూ గిలకలదిండి రేవులో ఆగి, వలల్లో పడి జాలర్లు పారేసిన పీతల్నీ నత్తల్నీ సీసాలో వేసుకొచ్చేది. ఆ కంపుకు బస్సులో జనం తిట్టేవాళ్ళు. ఆమె తిరిగి తిట్టేది. మా ఇద్దరి తరగతులకూ మధ్య తడికే అడ్డం. ఆమె గొంతు ముందు నా పద్యం ఏనాడూ నిలవలేదు. అలా తడిక ఇవతల నుంచి నేను కూడా ఆమె దగ్గర సైన్సు చదువుకున్నాను.

ఒక ఏడు తొలకరిలో మా హెడ్మాస్టరు సూర్యనారాయణ గారు ప్రార్థనలో చీమల మీద ఉపన్యాసం ఇచ్చారు. వానకు పుట్టలోకి నీళ్ళొచ్చి, ఎర్రచీమలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలా కట్టుకుని కాలవలో తేలిపోతుంటే ఆయన చూశారట. "అడుగున ఉన్న చీమ నీళ్ళలో మునిగి పైవాళ్ళను మోస్తుంది. నేనే ఎందుకు మొయ్యాలి అని అడగదు. ఎవరి స్థానంలో వారు, ఎవరి పని వారు! మన ఊళ్ళు కూడా అలా నడవబట్టే నిలిచాయి" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకింత కోపం రాకపోను. పాలెం పిల్లలు వెనక వరసలో నిలబడి ఈ నీతి విన్నారు.

తర్వాతి పీరియడ్‌లో తడిక అవతల సత్యవతి గొంతు లేచింది.

"హెడ్మాస్టరు గారు చెప్పిన చీమ నిజమే. అది మునిగి చస్తుంది. ఎందుకు చస్తుంది? మంచిది కనకనా?"

జవాబు కోసం ఆగకుండా తనే చెప్పింది.

"ఆ ఉండలో ఉన్నవన్నీ ఒక్క తల్లి పిల్లలు. తల్లి మధ్యలో ఉంటుంది. పనిచేసే చీమ గుడ్లు పెట్టదు, దానికి సొంత పిల్లలుండరు. తల్లి బతికితే ఇంకా చెల్లెళ్ళు పుడతారు. ఈ చీమను అడుగున నిలబెట్టిన గుణం ఏదుందో, అదే ఆ చెల్లెళ్ళలో కూడా ఉంటుంది. ఇది చచ్చినా గుణం చావదు. తల్లిని వదిలి ఎటువాళ్ళటు పోయిన పుట్టలు ఏనాడో వరదల్లో తుడిచిపెట్టుకుపోయాయి. ఇలా పట్టుకున్న పుట్టలే మిగిలాయి, వాటి పిల్లలే మిగిలాయి. పరిణామం అంటే అదే. ఎవరూ నీతి చెప్పక్కర్లేదు, మిగిలినవి మిగులుతాయి."

తర్వాత పిల్లల్ని స్కూలు దడి మీదున్న చిక్కుడు పాదు దగ్గరకు తీసుకెళ్ళింది. నేను నా పిల్లలకు రాతపని ఇచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను. లేత తీగలకు నల్లగా పేనుబంక పట్టింది, దాని మధ్య చీమలు తిరుగుతున్నాయి.

"ఈ పేనుబంక చీమకు చెల్లెలా?" అంది.

"కాదండీ."

"పోనీ, మేనత్తా?"

పిల్లలు నవ్వారు.

"చుట్టరికం ఏమీ లేదు. అయినా చీమ దీన్ని కాపలా కాస్తుంది. దీన్ని తినడానికి అక్షింతల పురుగు వస్తే తరిమికొడుతుంది. ఎందుకు? ఇది తియ్యటి బొట్టు ఇస్తుంది కనక. బొట్టు ఇవ్వడం మానేస్తే?"

"వదిలేసి పోద్దండీ" అంది ఒక పిల్ల.

"పోవడమేనా, తినేసినా తింటుంది. నెత్తురు చుట్టరికం లేని చోట సాయం నిలవాలంటే అటునుంచి ఇటు, ఇటునుంచి అటు రాకపోకలుండాలి. వాళ్ళే మళ్ళీ మళ్ళీ కలుసుకోవాలి. మోసం చేసినవాడికి తలుపు మూసే వీలుండాలి. ఈ మూడూ ఉంటే అది మంచిదో చెడ్డదో మనం చూడక్కర్లేదు, సాయం దానంతటదే నిలుస్తుంది."

"ఊరికే ఇచ్చేవి ఉండవాండీ, టీచర్ గారూ?"

"పరాయివాళ్ళకి, తిరిగి ఏమీ రాకుండా, తరతరాలు ఇస్తూ పోయినవా? ఉండే ఉంటాయి. వాటి సంతానం మిగల్లేదు. అందుకే మనకు కనపడవు."

ఈ పాఠం మధ్యాహ్నానికల్లా హెడ్మాస్టరు గారి చెవిన పడింది. టీచర్ల గదిలో ఆయన నొచ్చుకున్నట్టు అడిగారు. "సత్యవతి గారూ, నేను నీతి చెబితే మీరు దాన్ని బేరసారం చేశారేమిటండీ?"

"నీతికి చీమను సాక్షిగా పిలిచింది మీరండి. నేను సాక్షిని నాలుగు ప్రశ్నలడిగాను, అంతే."

"మనుషులు చీమలు కారు కదండీ."

"ఆ ముక్క ప్రార్థనలో చెప్పాల్సిందండి. మనం ఎలా ఉండాలో చీమ చెప్పదు. చెప్పించింది మీరు. చెప్పిస్తే మొత్తం చెప్పించండి. ఆ చీమ వాళ్ళమ్మ కోసం చస్తుంది. ఈ ఊరి కామందుల ఇళ్ళల్లో మా పాలెం వాళ్ళమ్మ ఎవరున్నారండీ?"

హెడ్మాస్టరు గారు లేచి బయటకు వెళ్ళిపోయారు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

శ్రావణం దాటగానే కృష్ణ పొంగింది. స్కూలుకు సెలవిచ్చారు. పొద్దున్నే ఊళ్ళో టముకు వేశారు. "ఇంటికో మనిషి, మనిషికో తట్ట! కరకట్ట మీదికి రావాలహో!" ఇది ఆ ఊరి కట్టుబాటు. ఏరు పొంగితే పెద్దా చిన్నా లేదు, ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి తట్టా పారా పట్టుకుని వెళ్ళి కట్టను కాయాలి. ఎంత చక్కటి కట్టుబాటో అని నేను బందరు వెళ్ళినప్పుడు మా వాళ్ళకు గొప్పగా చెప్పి ఉన్నాను కూడా.

పాలెం వైపు వెళ్ళి చూద్దును కదా, దేవమ్మ నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని తట్ట పట్టుకుని బయల్దేరింది. సత్యవతి ఆమె చేతిలోంచి తట్ట లాక్కుంది.

"నువ్వెందుకమ్మా? అన్నయ్య ఏడీ?"

"ఆడు కామందు గారింటి మనిషిగా ఎల్లాడే. మనింటికి నేను ఎల్లాలిగా" అంది దేవమ్మ, అందులో వింతేముందన్నట్టు.

సత్యవతి తల్లిని ఇంట్లో కూర్చోబెట్టి తానే బయల్దేరింది. నేనూ వెంట పడ్డాను. కట్ట మీద జనం బారులు తీరి మట్టి మోస్తున్నారు. సత్యవతి ఒక్కొక్కరి ముందు ఆగింది. "ఎవరింటి మనిషివి?" అని అడిగింది. ఒకడు కరణం గారింటి మనిషినన్నాడు. ఇంకొకడు మునసబు గారింటి మనిషినన్నాడు. హెడ్మాస్టరు గారింటి మనిషి కూడా ఉన్నాడు. అందరూ పాలెం వాళ్ళే, పాలేర్లే. మరి పాలెం ఇళ్ళ తరఫున ఎవరొచ్చారు? ముసలమ్మలు, బాలింతలు, ఇంకా పాలేరుతనానికి కుదరని పిల్లకాయలు. ఊళ్ళో ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి వచ్చినట్టే లెక్క. ఊళ్ళో ఇళ్ళ వాళ్ళు ఒక్కరూ రాలేదు.

ఏటి వైపు చూస్తే చిన్నకట్ట మీంచి నీళ్ళు పాలెంలోకి దిగుతున్నాయి. ఆ నీళ్ళకు అడ్డం వేయడానికి అక్కడ ఒక్క మగాడు లేడు. అందరూ ఇక్కడ, ఊరి పొలాల కోసం, తమ ఇళ్ళకు వీపు పెట్టి మట్టి మోస్తున్నారు. అడుగున ఉన్న చీమ అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

అంతలో కట్టకు బుంగ పడిందని కేక వినపడింది. పందికొక్కు తవ్విన బొక్కలోంచి నీళ్ళు ఊరి వైపుకు చిమ్ముతున్నాయి. దానికి ఎదురుగా ఉన్నవి జగన్మోహనరావు గారి పొలాలే. ఆయన గొడుగు వేసుకుని, పంచె పైకెత్తి పట్టుకుని పరుగున వచ్చారు. "ఒరే, దుంగలు వెయ్యండ్రా, గడ్డి తొక్కండ్రా" అని అరిచారు. మగాళ్ళంతా అటు ఉరికారు. సత్యవతి బుంగకు అడ్డంగా నిలబడింది.

"కామందు గారూ, ఒక్క మాటండి. వీళ్ళు ఇక్కడ బుంగ పూడుస్తుంటే వీళ్ళ ఇళ్ళు అక్కడ మునుగుతున్నాయి. దీనికి బదులేమిటి?"

"బదులేమిటి పంతులమ్మా, ఇది బేరాలాడే వేళా?"

"ఏరు తీశాక నా మాట మీరు వినరండి. అందుకే ఇప్పుడడుగుతున్నాను. వేసవిలో ఊరు ఊరంతా వచ్చి మా చిన్నకట్ట ఎత్తు చెయ్యాలి."

బుంగ పెద్దదవుతోంది. ఆయన మొహం పాలిపోయింది. "అలాగేనమ్మా, చేస్తాం. ఇంటికో మనిషి, మనిషికో తట్ట. అందరి ముందూ చెబుతున్నా. చాలా?" అన్నారు. సత్యవతి పక్కకు తప్పుకుంది. దైవాధీనం అందరికన్నా ముందు దిగి తాటి దుంగ భుజంతో నొక్కిపట్టాడు. మధ్యాహ్నానికి బుంగ పూడింది. ఊరు బతికింది. పాలెం కప్పుల దాకా మునిగింది. దేవమ్మ ఇంటి రెండు గోడలు పడిపోయాయి. నీళ్ళు తీసేదాకా ఆమె కరకట్ట మీద తాటాకు కింద కూర్చుంది, ఊళ్ళోంచి ఒక్కరు వచ్చి తిన్నావా అని అడగలేదు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే పుస్తకంలో చదువుకున్నాను, కళ్ళారా చూసింది అప్పుడే.

వేసవి వచ్చింది, కాలవలు కట్టేశారు, నేల ఎండింది. మట్టిపనికి అదే అదను. సత్యవతి జగన్మోహనరావు గారింటికి వెళ్ళి మాట గుర్తుచేసింది. ఆయన నవ్వి, "మాట తప్పుతామా అమ్మా" అన్నారు. ఆయన మాట తప్పలేదు కూడా. ఒక రోజు ఇంటికో మనిషి చొప్పున, మనిషికో తట్ట చొప్పున జనం చిన్నకట్ట దగ్గరకు వచ్చారు. కామందు గారింటి మనిషి దైవాధీనం. కరణం గారింటి మనిషి, మునసబు గారింటి మనిషి, అంతా అదే వరస. పాలెం వాళ్ళ చేత పాలెం కట్ట వేయించి, ఊరు తన బాకీ తీర్చేసుకుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటే విన్నాం, అత్త సొమ్ము అత్తకే దానం చేసి దండ వేయించుకునేవాళ్ళను ఆ ఊళ్ళోనే చూశాను. అదీ ఒక్క పూట పని. మధ్యాహ్నం పాలేర్లు మళ్ళీ కామందుల గొడ్ల దగ్గరకు పరుగెత్తాలి కదా. కట్ట జానెడు లేచింది.

దైవాధీనం సంతోషంగా ఇంటికొచ్చాడు. "చూశావా చెల్లెమ్మా, కామందు గారు మాట నిలబెట్టుకున్నారు" అన్నాడు. ఎగతాళికి కాదు. నిజంగానే అన్నాడు. ఇంటికి ఒక మనిషంటే ఆ ఇంటి పాలేరు అన్నది అతని బుర్రలో ఎంత లోతుకు దిగిందంటే, ఆ మనిషి తనేనన్న సంగతి తట్టనే లేదు. సత్యవతి అన్నను కొట్టబోయింది. కొట్టలేక చేతిలోని చెంబు గోడకేసి కొట్టింది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు పాలెమంతా కూర్చుంది. సత్యవతి వాళ్ళకు చిక్కుడు పాదు సంగతే చెప్పింది.

"బొట్టు రాని చోట చీమ కాపలా కాయదు. మనం కాస్తున్నాం, ఎందుకు కాస్తున్నాం? ఈ ఏడు ఏరు పొంగినప్పుడు ఎవరూ ఎవరింటి మనిషీ కాదు. ఎవరింటి మనిషి వాళ్ళింటి కట్ట మీదే నిలబడాలి. ముందు వాళ్ళు వచ్చి మన కట్ట ఎత్తాలి, వాళ్ళ మనుషులు, వాళ్ళ కడుపున పుట్టినవాళ్ళు. ఆ తర్వాత అందరం కలిసి పెద్దకట్ట ఎక్కుదాం."

"కామందుకు కోపమొచ్చి మానిపిస్తే, మళ్ళీ ఎవరు పెట్టుకుంటారే?" అన్నాడు దైవాధీనం.

"ఒక్కడివే ఆగితే మానిపిస్తాడు. అందరూ ఆగితే ఎవరిని పెట్టుకుంటాడన్నయ్యా? అక్కడున్న కిటుకల్లా అదే. ఒక్కడు జారి పైకెళ్ళినా తక్కినవాళ్ళు చెడతారు. అందుకే అందరం ఒకరికొకరు కనపడేలా చిన్నకట్ట మీద నిలబడాలి."

జనం గొణుక్కున్నారు. భయం వాళ్ళది, పోయే కూడు వాళ్ళది, వాళ్ళను నేనేమీ అనను. చివరికి దేవమ్మ లేచింది. "ఏటేటా గోడ పెట్టేది నేను. మట్టి తొక్కేది నేను. నా కొడుకు నా ఇంటికి పనికిరాకుండా ఇంకెవరింటికో మనిషయ్యాడు. ఈ ఏడు నాకు నా ఇంటి మనిషి కావాలి. ఎవరికి కోపమొస్తే వాళ్ళు నాతో వచ్చి మాట్లాడండి" అంది.

ఈ సంగతి ఊళ్ళోకి పాకింది. హెడ్మాస్టరు గారు సత్యవతిని పిలిచి, కమిటీ వాళ్ళు బదిలీ మాటెత్తుతున్నారని, జాగ్రత్తపడమని చెప్పారు. "ఏరు పొంగేదాకా ఆగమనండి, ఆ తర్వాత ఎక్కడికైనా పోతాను" అంది. తర్వాత వాళ్ళు ఆ మాట మాత్రం తు.చ. తప్పకుండా పాటించారు.

ఆ ఏడు ఏరు ఇంకా ఎక్కువ పొంగింది. టముకు మోగింది. నేను పరుగెత్తుకు వెళ్ళేసరికి పాలెం పాలెమంతా చిన్నకట్ట మీద ఉంది. సత్యవతి మట్టి తవ్వుతోంది. పైన కరకట్ట మీద ఒక్క పురుగు లేదు. నీళ్ళు చిన్నకట్ట అంచును తాకుతున్నాయి.

జగన్మోహనరావు గారు కరకట్ట మీద నిలబడి దైవాధీనాన్ని పేరు పెట్టి పిలిచారు. దైవాధీనం పార ఆపి పైకి చూశాడు. నా కళ్ళతో చూశాను, అతని కాలు ఒకసారి పైకి లేచింది కూడా. పక్కనున్నవాళ్ళంతా అతని వంకే చూశారు. కాలు కింద పెట్టాడు.

"ఈ ఏడు నేను రాలేనండి, కామందు గారూ. మా ఇంటి కట్ట కాసుకోవాలండి" అన్నాడు.

ఆయన బెదిరించారు. మానిపిస్తానన్నారు, స్కూల్లో పిల్లల పేర్లు తీయిస్తానన్నారు, సత్యవతిని ఊరు దాటిస్తానన్నారు. ఎవరూ కదలకపోతే గొంతు మార్చారు. "ముందు పెద్దకట్ట చూద్దాం, ఆనక మీది నేను దగ్గరుండి చేయిస్తాను" అన్నారు.

"పోయినేడు ఆ వరసే చూశామండి" అంది సత్యవతి, పార ఆపకుండా.

"ఊరు మునిగిపోతుంటే చూస్తూ కూర్చుంటారా? మీలో మానవత్వం లేదటే?"

మానవత్వం! కప్పుల దాకా నీళ్ళొచ్చి, ముసలిది తాటాకు కింద వణికిన ఏడు ఎక్కడ దాచాడో ఈ మానవత్వాన్ని! నేను కింద నుంచి అరిచాను, ఏమరిచానో గుర్తులేదు, మర్యాదైన మాట మాత్రం కాదు. సత్యవతి అరవలేదు. "మీ ఇంటి మనిషిని తీసుకురండి. మీ కడుపున పుట్టిన మనిషిని. తట్టతో" అంది.

ఆయన వెళ్ళిపోయారు. పాలెం వాళ్ళు మట్టి వేస్తూనే ఉన్నారు. ఏరు మాత్రం ఆగలేదు. చిన్నకట్ట ఒక చోట కారడం మొదలెడితే దేవమ్మ పాతచీర ఉండ చుట్టి ఆ చోట దోపింది. ఆయన రాకపోతే పాలెమూ మునుగుతుంది, ఊరూ మునుగుతుంది. సత్యవతి పెదవి కొరుక్కుంటూ కరకట్ట వంకే చూస్తోంది.

వచ్చారు. జగన్మోహనరావు గారు, వెనక ఆయన కొడుకులిద్దరూ తట్టలు పట్టుకుని వచ్చారు. వాళ్ళ వెనక కరణం గారి అల్లుడు, మునసబు గారి తమ్ముడు, చివర మా సూర్యనారాయణ గారు. ఆయన తట్టను తాంబూలప్పళ్ళెంలా రెండు చేతులా పట్టుకుని దిగారు. మొయ్యడం ఒక్కరికీ చాతకాదు, సగం మట్టి మెడ మీదే పోసుకున్నారు. పాలెం ఆడవాళ్ళు నవ్వాపుకోలేకపోయారు. నవ్వితే నవ్వారు కానీ వాళ్ళే కుదురు ఎలా పెట్టుకోవాలో చూపించారు. పొద్దెక్కేసరికి చిన్నకట్ట నడుమెత్తు లేచింది. ఏరు దాని అంచు దాకా వచ్చి అక్కడే నిలిచింది. సత్యవతి పార ఎత్తి కరకట్ట వైపు చూపించింది. "పదండి" అంది. పాలేర్లూ కామందులూ ఒకే బారున కరకట్ట ఎక్కారు.

ఎక్కే ముందు జగన్మోహనరావు గారు ఆయాసపడుతూ దేవమ్మ ఇంటి ముందు నిలబడ్డారు. పెదవులు ఎండిపోయాయి. దేవమ్మ కుండలోంచి చెంబుతో మంచినీళ్ళు ముంచి తెచ్చింది. ఆమె ఇంటి గోడలు పొడిగా ఉన్నాయి, పొయ్యి వెలుగుతోంది. ఆమె పెళ్ళయి వచ్చాక వరదలో ఆ పొయ్యి వెలగడం అదే మొదలు. ఆయన చెంబు వంక చూశారు. తల అడ్డంగా ఊపి, కరకట్ట ఎక్కి, అటు పక్క గుంటలో వంగి దోసిలితో బురద నీళ్ళు తాగారు. దేవమ్మ చెంబు పట్టుకుని అలాగే నిలబడింది.

ఆ చెంబు తీసుకుని ఆయన నెత్తిన బోర్లించాలని పరుగు తీశాను. సత్యవతి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"చూశావా సత్యా, బురద తాగాడు కానీ మీ అమ్మ చేతి నీళ్ళు ముట్టుకోలేదు! ఇంత చేసి ఏం లాభం?"

"తాగకపోతే మానెయ్యనీ హైమా. మా అమ్మ మీద ఆయనకు ప్రేమ పుట్టాలని నేనీ గొడవంతా పెట్టుకోలేదు. ప్రేమను నమ్ముకునే మా అమ్మ ఇన్నేళ్ళూ మునిగింది. తట్ట మోశాడా, లేదా? ఏరు మళ్ళీ పొంగుతుంది, ఆయన మళ్ళీ మోస్తాడు. నాకది చాలు."

తర్వాత నెత్తిన కుదురు సర్దుకుని, మట్టి నిండిన తట్టకు ఒక పక్క చెయ్యి వేసి, ఎత్తమని నా వంక చూసింది. రెండో పక్క నేను పట్టుకున్నాను.